నవాబు మూడవ సాలారుజంగు: ఒక సంగ్రాహకుని జీవితము

హైదరాబాదులో మూసీనది దక్షిణపుటొడ్డున నున్న సాలారుజంగు మ్యూజియములో మధ్యాహ్నము పండ్రెండు గంటలు కావచ్చు సమయమున ప్రతిదినము ఒక వేడుక జరుగుచుండును. అంతవరకు గదులన్నిట చెదరియున్న జనులు ఒక్కసారిగా కదలి ఒక పెద్ద గడియారము ముందు చేరుదురు. పటాన్‌చెరువు ప్రాంతమున చిట్కుల్ వంటి గ్రామములనుండి సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన కార్మికులు, వరుసలు కట్టిన బడిపిల్లలు, దూరదేశముల యాత్రికులు అందరును మెడలెత్తి నిలుతురు. గడియారములో ఒకమూల కమ్మరివాని బొమ్మ సుత్తితో క్షణములను లెక్కపెట్టుచుండును. సరిగా గంట అయినంతనే పైభాగమున చిన్న గదినుండి గడ్డపు బొమ్మ యొకటి వెలుపలికి వచ్చి, గంటను పండ్రెండు మారులు మ్రోగించి, తిరిగి లోపలికి పోవును. పిల్లలు చప్పట్లు చరతురు. పెద్దలు నవ్వుకొందురు. గుంపు విడిపోవును.

కొన్ని కళాసంపదలు నేలలోనే పుట్టి నేలలోనే దొరకును. పశ్చిమ చాళుక్యుల కాలమున పొట్లకెరెయని పేరుగాంచిన పటాన్‌చెరువు పరిసరములలో జైన తీర్థంకరుల రాతివిగ్రహములు బయల్పడి, నేడు హైదరాబాదు రాష్ట్ర ప్రదర్శనశాలలో నిలిచియున్నవి. వానిని చెక్కినవారు ఈ ప్రాంతమునందే జీవించిరి. మరికొన్ని సంపదలు అట్టివి కావు. అవి ఒక్క మనుష్యుని తీరని కోరిక మూలమున దిక్కులన్నిటినుండి ఒకచోటికి వచ్చిచేరును. ఆ మనుష్యుడు గతించిన వెనుక అవి నిలుచునా, చెదరునా యన్నది వానిని కూర్చిన చేతులలో నుండదు. నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, అనగా మూడవ సాలారుజంగు చరిత్ర అట్టి చరిత్ర.

సాలారుజంగుల వంశము హైదరాబాదు రాజ్యమునకు దివానుల వంశము. మీరాలం చెరువునకు పేరిచ్చిన మీరాలం మొదలుకొని, మునీరుల్ముల్కు, సిరాజుల్ముల్కు వరుసగా నిజాముల కొలువులో ప్రధానమంత్రులైరి. వారందరిలో ప్రసిద్ధుడు మీర్ తురాబ్ అలీఖాన్. చరిత్రయందు మొదటి సాలారుజంగు అనగా ఈయనయే. 1829లో జన్మించి, ఇరువది నాలుగేండ్ల ప్రాయమున, 1853లో దివానుగిరీని చేపట్టి, 1883లో మరణించువరకు ముప్పదియేండ్లు ఆ భారమును మోసెను. అప్పులలో కూరుకొనిపోయిన రాజ్యమును ఒడ్డున పడవేసి, జిల్లాలను ఏర్పరచి, పన్నుల వసూలునకు ఒక క్రమము తెచ్చిన దక్షుడు. 1876లో ఆయన ఐరోపా యాత్ర చేసెను. పారిసు నగరమున మెట్లమీద జారిపడి తొడయెముక విరిగి కొంతకాలము మంచము పట్టెను. ఆ యాత్రలోనే, రోము నగరమున, ఒక పాలరాతి ప్రతిమను కొనెను. మనుమని జీవితమునకు ఆ ప్రతిమ ఒక విధముగా నాంది యైనది.

మొదటి సాలారుజంగు కుమారుడు మీర్ లాయఖ్ అలీఖాన్ రెండవ సాలారుజంగు. ఆయన 1884లో దివానై, మూడేండ్లు మాత్రమే పనిచేసి, 1887లో పదవిని వదలుకొనెను. 1889 జూన్ 13వ తేదీన పూనాలో ఆయనకు కుమారుడు కలిగెను. ఆ శిశువే మీర్ యూసుఫ్ అలీఖాన్. బిడ్డకు నెలయైనను నిండకముందే, జూలై మాసమున, తండ్రి ఇరువదియారేండ్ల వయస్సున కన్నుమూసెను. ఆ విధముగా ఊయలలోని పసివాడు ఒక మహావంశమునకు ఏకైక వారసుడయ్యెను. తాతను ఎరుగడు, తండ్రి ముఖమును ఎరుగడు. ఆయనకు వారిరువురును వారి చిత్తరువులుగా, ఆయుధములుగా, గ్రంథములుగా, ఇంటినిండ నున్న వస్తువులుగా మాత్రమే పరిచితులు. వస్తువులయందు గతించినవారిని చూచుట ఆయనకు బాల్యమునుండియే అలవడిన దనుకొనుట తప్పు కాదు.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆ బాలునియందు శ్రద్ధ వహించెను. జాగీరును ప్రభుత్వ పర్యవేక్షణలో నుంచి, పిల్లవాని చదువునకు తగిన ఏర్పాటులు చేయించెను. ఆ జాగీరు సామాన్యమైనది కాదు. దాదాపు 1,480 చదరపు మైళ్ల విస్తీర్ణము. కొప్పళ్, యెల్బుర్గ మొదలైన కన్నడ సీమలు, తెలుగునాట కోస్గి, రాయగిరి, నగరమునకు సమీపమున దుండిగల్, మరాఠ్వాడాలో అజంతా తాలూకా అందులోనివి. తన పేరుతోనే ప్రపంచప్రసిద్ధములైన గుహలకు దాపుననున్న అజంతా గ్రామము ఒక సంగ్రాహకుని జాగీరులోనిదగుట విశేషమే. యూసుఫ్ అలీఖాన్ మదరసా ఆలియాలోను, నిజాము కళాశాలలోను విద్య నభ్యసించెను. పెద్దవాడైనంతట వంశనామమైన సాలారుజంగు బిరుదమును పొందెను.

1911 ఆగస్టులో మహబూబ్ అలీఖాన్ మరణింపగా ఉస్మాన్ అలీఖాన్ ఏడవ నిజామయ్యెను. మరుసటి సంవత్సరము, 1912లో, మహారాజా కిషన్ ప్రసాదు స్థానమున యూసుఫ్ అలీఖానునకు దివాను పదవి లభించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడు. తాత దివానైన నాటికంటె ఒక యేడు తక్కువ. నిజామునకును అప్పుడు ఇంచుమించుగా అంతే వయస్సు. ప్రభువును మంత్రియు ఇద్దరును యువకులు. తాత కీర్తి తన తలమీద నుండగా, ఏ పని చేసినను ఆ తాతతో పోల్చి చూచు నగరమున, ఆ యువకుడు రెండేండ్లకు పైగా రాజ్యకార్యములను నడపెను.

ఆ జోడు ఎక్కువకాలము సాగలేదు. 1914 నవంబరులో సాలారుజంగు పదవికి రాజీనామా చేసెను. ఆ తరువాత నిజాము మరియొకరిని ఆ స్థానమున నియమింపక, 1919లో కార్యనిర్వాహక మండలి ఏర్పడువరకు రాజ్యపాలనమును స్వయముగా చూచుకొనెను. సాలారుజంగునకు అప్పటికి ఇరువదియయిదేండ్లు. ధనమునకు లోటు లేదు, కాలమునకు లోటు లేదు, చేయవలసిన ఉద్యోగము లేదు. అట్టి స్థితిలో ఎందరో జాగీరుదారులు వేటలతోను, విందులతోను జీవితమును గడపిరి. ఈయన మాత్రము మిగిలిన ముప్పదియయిదేండ్లను ఒక్క పనికి ధారపోసెను. రాజ్యము చేజారిన మనుష్యుడు తనకొక రాజ్యమును నిర్మించుకొనెను. అందు ప్రజలు లేరు, తగవులు లేవు, వస్తువులు మాత్రమే కలవు.

ఆ రాజ్యమునకు రాజధాని దివాన్ దేవిడీ. చార్మినారునకు అనతిదూరమున, మూసీ నదికిని పాతనగరపు వీథులకును నడుమ విస్తరించిన ఆ దేవిడీలో ఐనాఖానా, చీనీఖానా, లక్కడ్‌కోట్, నిజాంబాగ్ అని వేరువేరు భవనములుండెడివి. అద్దముల మహలు ఒకటి, పింగాణీల మహలు ఒకటి, కొయ్యపనికి పేరుగాంచినది మరొకటి. వంశపు పూర్వులు కూర్చిన కత్తులు, కవచములు, వ్రాతప్రతులు, పళ్లెరములు అప్పటికే అందుండెను. మొదటి సాలారుజంగు రోమునుండి తెచ్చిన పాలరాతి ప్రతిమయు అక్కడనే యుండెను. మనుమడు పునాదినుండి ప్రారంభింపలేదు. ఉన్న పునాదిమీద ఎన్నడును ముగియని భవనమును లేపెను.

ఆ ప్రతిమను గూర్చి కొంత చెప్పక తప్పదు. దానిని చెక్కినవాడు జొవాన్నీ మరియా బెంజోనీ అను ఇటలీ శిల్పి. బైబిలు పాతనిబంధనములోని రెబెకా, తనకు కాబోవు భర్తయైన ఇస్సాకును మొదటిసారి దూరమునుండి చూచి మేలిముసుగు వేసికొనిన క్షణము ఇందులోని వస్తువు. శిల్పములో ముసుగును ముఖమును ఒకే పాలరాయి. అయినను ముసుగు పలుచని వస్త్రమువలె కన్నులమీదుగా జాలువారినట్లును, దాని వెనుక సిగ్గుపడు కన్నెముఖము కనబడుచున్నట్లును తోచును. రాయి ఎక్కడ వస్త్రమైనదో, వస్త్రము ఎక్కడ చర్మమైనదో పోల్చుకొనలేక చూపరులు దానిచుట్టు తిరుగుచుందురు. ఇటువంటి రెబెకాలు ఇంకను కలవు. తనకాలమున ఎంతయో ప్రసిద్ధికెక్కిన ఈ రూపమును బెంజోనీ తన శిల్పశాలనుండి అనేక ప్రతులుగా వెలువరించెను. అమెరికాలోని అట్లాంటా, డెట్రాయిట్ నగరముల ప్రదర్శనశాలలలోను వీని తోబుట్టువులున్నవి. ఒక ఆధునిక శిల్పి ఒకే కల్పనను పలుమారులు చెక్కుట, ఒక అచ్చునుండి పలుచిత్రములు తీయుట ఆ శతాబ్దమున సామాన్యమయ్యెను. కళ రాజప్రాసాదములనుండి కొనగలిగిన వారందరి యిండ్లకు ప్రయాణము కట్టిన కాలమది.

మన దేశమునందును ఆ ప్రయాణము జరిగెను. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో శిలాముద్రణాలయమును స్థాపించి, తన చిత్రములను అచ్చువేయించెను. లక్ష్మీ సరస్వతుల రంగుపటములు తెలుగుపల్లెలలోని పెంకుటిండ్ల గోడలమీదికి వచ్చినవి ఆ దారిననే. రవివర్మ స్వహస్తముతో వ్రాసిన తైలవర్ణ చిత్రములు కొన్ని నేడు సాలారుజంగు మ్యూజియమునందు కలవు. ఇంటిగోడపై అచ్చుపటమును చూచి పెరిగిన గ్రామీణుడు ఈ మ్యూజియములో మూలచిత్రము ముందు నిలుచునప్పుడు తనకు తెలిసిన ముఖమునే మరింత నిండుగా చూచినట్లగును. నవాబునకును సామాన్యునకును నడుమనున్న దూరము ఆ ఒక్క గోడ యొద్ద కొంత తగ్గును.

సాలారుజంగు సేకరణకు ఒక పద్ధతి యనునది లేదని కొందరందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. పర్షియా తివాచీలు, చీనా పింగాణీలు, పచ్చరాతి పాత్రలు, జపాను పట్టుతెరలు, ఫ్రాన్సు దేశపు బల్లలు కుర్చీలు, దంతపు పనితనము, కాశ్మీరు శాలువలు, మొగలాయి చిత్తరువులు, దక్కను చిత్తరువులు, ఐరోపా తైలవర్ణచిత్రములు, గడియారములు, చేతికఱ్ఱలు, పిల్లల ఆటబొమ్మలు, ఇట్లు ఆయన చేయిచాపని వస్తువు లేదు. ఒక దేశమును, ఒక శతాబ్దమును, ఒక శిల్పిని ఎన్నుకొని వానియందే లోతునకు పోవు సంగ్రాహకులు కలరు. ఈయన ఆ తెగకు చెందినవాడు కాడు. ఆయనకు మానవుని చేయి అందముగా చేసినదెల్ల కావలెను. సీసపు గాజుపాత్రయైనను, ఖురాను వ్రాతప్రతియైనను ఆయన ఆశ్చర్యమునకు పాత్రమే.

కోరువాడుండగా అమ్మువారికి కొదువ లేదు. హైదరాబాదులో అట్టి నవాబు కలడన్న వార్త వర్తకులకు చేరినంతనే, దేశవిదేశములనుండి వారు దివాన్ దేవిడీకి దారితీసిరి. ఆయనయు ఐరోపాకు, పశ్చిమాసియా దేశములకు పోయి స్వయముగా కొనెను. పోలేనప్పుడు ప్రతినిధులచే కొనిపించెను. కాలమును ఆయనకు తోడ్పడెను. 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధము ఐరోపాలో సామ్రాజ్యములను కూల్చి, ప్రభువంశములను పేదరికమున ముంచెను. తరతరములుగా కదలని చిత్రములు, గృహోపకరణములు వేలముపాటలకు వచ్చెను. అక్కడ ఒక తరము పోగొట్టుకొనినది ఇక్కడ దేవిడీ గదులలో వచ్చిచేరెను. ఒక యింటి పతనము మరియొక యింటి అలంకారమగుట కళాసంగ్రహముల చరిత్రలో ఎల్లకాలము జరిగినదే. చివరకు ఈ దేవిడీకిని ఆ గతి తప్పలేదు.

ఆయన కూర్చినవానిలోను, పూర్వులు విడిచినవానిలోను నిజముగా అపురూపములైనవి తక్కువ కావు. బాగ్దాదు ఖలీఫాల కడపటికాలమున, పదుమూడవ శతాబ్దియందు, యాఖూత్ అల్ ముస్తాసిమీ యను మహాలేఖకుడు వ్రాసిన ఖురాను ప్రతి యొకటి కలదు. దానిపై జహంగీరు, షాజహాను, ఔరంగజేబు చక్రవర్తుల స్వహస్తపు వ్రాతలున్నవి. నూర్జహానుదని ప్రతీతిగల రత్నఖచితమైన పిడిబాకు కలదు. టిప్పుసుల్తానునకు ఫ్రాన్సు రాజు పదునారవ లూయీ పంపినవని చెప్పబడు దంతపు కుర్చీలు కలవు. ఇటలీ చిత్రకారుడు ఫ్రాంచెస్కో హయేజ్ వ్రాసిన సబ్బుబుడగల చిత్రము కలదు. బుడగ నూదు బాలుని ముఖమునందలి తదేకధ్యానము చూచువారు, వేయి వస్తువుల నడుమ దానిని మరువరు.

మరియొక కొయ్యశిల్పము జనులను నేటికిని ఆకర్షించును. పందొమ్మిదవ శతాబ్దియందు ఫ్రాన్సు దేశమున ఒకే మ్రానునుండి చెక్కిన జంటప్రతిమ యది. ముందునుండి చూచిన గర్వముతో తలయెత్తిన పురుషుడు, గెటె మహాకవి నాటకములోని పిశాచము మెఫిస్టోఫిలిస్. వెనుకనుంచిన అద్దములో చూచిన తలవంచి, చేత ప్రార్థనాపుస్తకమును పట్టుకొనిన మార్గరీటా. దుష్టత్వమును నిర్మలత్వమును ఒకదాని వీపునకొకటి ఆనుకొని యున్నవి. దానిని చెక్కినవాని పేరు తెలియదు. పేరులేని ఆ శిల్పి, పేరుపొందిన ఎందరికంటెను ఎక్కువగా సామాన్యుని మనస్సున నిలిచియున్నాడు. జర్మను భాష యెరుగని రైతుకూలియు అద్దము ముందు ఒక్కక్షణము ఆగి అర్థము చేసికొనును.

విమర్శకులు మరియొకటియు చెప్పుదురు. ఐరోపా పాలరాతి ప్రతిమలలో అనేకము గ్రీకు, రోమను మూలములకు ప్రతులే గాని మూలములు కావు. కొన్ని చిత్రములును అట్టివే. గొప్ప వస్తువు ప్రక్కననే సామాన్యమైన వస్తువు నిలుచును. వర్తకులు ఆయన ఔదార్యమును కనిపెట్టి, కొనదగనివానిని కొనిపించిన సందర్భములు లేవనలేము. అయినను విదేశములకు పోలేని లక్షలమంది ప్రజలకు ఆ ప్రతులే మూలముల పరిచయము కలిగించినవి. రోమును చూడనివాడు రోము శిల్పపు నీడనైనను చూచెను. పాండిత్యముగల సంగ్రాహకుడు కొద్దిమందికి గురువగును. ఆశ్చర్యముగల సంగ్రాహకుడు ఎందరికో స్నేహితుడగును. సాలారుజంగు రెండవ తెగవాడు.

ఆయన వివాహమాడలేదు. అంతటి దేవిడీలో, అంతటి సంపద నడుమ, భార్యయు బిడ్డలును లేని జీవితము గడపెను. కవులను, రచయితలను ఆదరించెను. అతిథులకు విందులిచ్చెను. అయినను రాత్రి దీపములార్పిన పిమ్మట ఆ గదులలో ఆయనకు తోడు నిలిచినవి ఆయన కొనిన వస్తువులే. వాని రక్షణమంతయు సేవకులమీద ఆధారపడియుండెను. సేవకులలో నమ్మదగినవారును ఉండిరి, కానివారును ఉండిరి. నేడు కనబడు సంపద ఒకప్పటిదానిలో సగము మాత్రమే యనియు, మిగిలినది ఇంటివారి చేతివాటమువలనను, తరలింపులలోను పోయినదనియు హైదరాబాదులో పెద్దలు చెప్పుకొనుచు వచ్చిరి. ఆ లెక్క ఎంతవరకు సరియైనను, యజమాని తాను కొనినవానినన్నిటిని కాపాడుకొనలేకపోయెననుట మాత్రము సత్యము. కొనుటలో చూపిన శ్రద్ధను పట్టికలు వ్రాయించుటలో చూపియున్నచో భావితరములవారికి ఎంతయో శ్రమ తప్పియుండెడిది.

ఇక్కడ దాటిపోరాని విషయ మొకటి కలదు. ఆ తివాచీలకును, పింగాణీలకును ధనము ఎక్కడనుండి వచ్చెను? కొప్పళ్ నల్లరేగడిలో ప్రత్తి పండించిన రైతులు, కోస్గి మెట్టపొలములలో జొన్న విత్తిన కాపులు, రాయగిరి సీమలో చెరువుక్రింద వరినాటిన కూలీలు చెల్లించిన శిస్తులనుండి వచ్చెను. వారిలో ఎవ్వరును దివాన్ దేవిడీ లోపలి గదులలో కాలుమోపినవారు కారు. 1940వ దశకమున తెలంగాణమున జాగీరుదారీ విధానముపై రైతుల ఆగ్రహము రగిలెను. పల్లెలలో పోరాటము సాగుచుండగా నగరములో రెబెకా తన మేలిముసుగు వెనుక నిశ్చలముగా నిలిచియుండెను. ఈ రెండును ఒకే రాజ్యములో, ఒకే సంవత్సరములలో జరిగినవి. సాలారుజంగు క్రూరుడని కాదు. ఆ వ్యవస్థయే అట్టిది. సౌందర్యమును ప్రేమించిన ఆయన హృదయమును మెచ్చుకొనువారు, దాని మూల్యము చెల్లించిన చేతులను మరువరాదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమయ్యెను. రెండువందల యేండ్లకు పైబడిన ఆసఫ్‌జాహీ పాలనము ముగిసెను. ఆరు మాసములైనను నిండకముందే, 1949 మార్చి 2వ తేదీన, సాలారుజంగు తన యరువదియవ యేట మరణించెను. వంశీయుల సమాధులున్న దాయిరా మీర్ మోమినులో ఆయనను ఖననము చేసిరి. అదే సంవత్సరము ఆగస్టు 15వ తేదీనుండి జాగీరుల రద్దు అమలులోనికి వచ్చెను. తన సంగ్రహమునకు జలధారయైన జాగీరు ఎండిపోవుటను ఆయన కన్నులార చూడలేదు. అయిదున్నర మాసముల యెడములో యజమానియు పోయెను, ఆదాయమును పోయెను. మిగిలినవి గదులనిండ వస్తువులు.

అప్పుడే అసలైన అపాయము ప్రారంభమయ్యెను. సంతానము లేని ఆస్తికి హక్కుదారులు పలువురు ముందునకు వచ్చిరి. వాటాలు పంచినచో రత్నములొకరికి, చిత్రములొకరికి, తివాచీలొకరికి పోయియుండును. వర్తకులు ఏ దారిని వచ్చిరో ఆ దారినే తిరిగి వచ్చి, వానిని మరల లండనునకో, పారిసునకో తరలించియుందురు. ఒక మనుష్యుడు ముప్పదియయిదేండ్లు కూర్చినది ముప్పదియయిదు దినములలో చెదరిపోవుటకు వీలుండెను. చరిత్రలో ఎన్ని సంగ్రహములకు ఆ గతి పట్టలేదు!

ప్రభుత్వము సాలారుజంగు ఆస్తికి ఒక సంఘమును ఏర్పరచెను. నాటి హైదరాబాదు ముఖ్యమంత్రి ఎం.కె. వెల్లోడి ఈ సంపదను విడదీయక ప్రజలకు చూపవలెనని సంకల్పించెను. ఆ పనికి పిలువబడినవాడు డాక్టరు జేమ్సు కజిన్సు. ఐర్లండు దేశపు కవి, కళావిమర్శకుడు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసి తెలుగువారికి ఆప్తుడైనవాడు. 1919లో రవీంద్రుడు మదనపల్లెలో విడిసినప్పుడు ఆతిథ్యమిచ్చిన దంపతులు ఈయనయు, ఈయన భార్య మార్గరెటును. తిరువాన్కూరులో చిత్రశాలను తీర్చిన అనుభవము కజిన్సునకుండెను. పట్టికలు లేని, వరుస లేని ఆ వస్తుసముద్రమును ఆయన గదులవారీగా అమర్చెను. 1951 డిసెంబరు 16వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే ఈ ప్రదర్శనశాలను ప్రారంభించెను. ఆనాటివరకు అతిథులకు మాత్రమే తెరచుకొనిన ద్వారములు టిక్కెట్టు కొనిన ప్రతివానికిని తెరచుకొనెను.

హక్కుల వివాదము అంతటితో తీరలేదు. అది మరి యేడేండ్లు సాగి, తుదకు 1958 డిసెంబరులో ఉన్నత న్యాయస్థానపు రాజీ తీర్పుతో ముగిసెను. దాని ననుసరించి కళావస్తువులును గ్రంథములును భారతప్రభుత్వమునకు దత్తమయ్యెను. వారసులైనవారు వాటాలకై పట్టుబట్టక ఈ యేర్పాటునకు సమ్మతించుట గొప్ప విషయము. 1961లో పార్లమెంటు శాసనము చేసి ఈ సంస్థను జాతీయ ప్రాముఖ్యముగల దానినిగా ప్రకటించి, గవర్నరు అధ్యక్షతన ధర్మకర్తల మండలిని ఏర్పరచెను. 1963 జూలైలో నెహ్రూ నూతన భవనమునకు శంకుస్థాపన చేసెను. 1968 జూలైలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ దానిని ప్రారంభించెను. 1908లో వరదలెత్తి నగరమును ముంచివేసిన మూసీనది యొడ్డుననే, ఆ భవనము నెలకొనెను. నేడందులో నలువదివేలకు పైగా కళావస్తువులును, దాదాపు తొమ్మిదివేల వ్రాతప్రతులును కలవు.

దివాన్ దేవిడీ మాత్రము నిలువలేదు. ఐనాఖానాయు లేదు, చీనీఖానాయు లేదు. పాత ద్వారపు ఆనవాళ్లు మిగిలి, చుట్టును దుకాణములు వెలసెను. బట్టల మూటలు మోయు కూలీలు, బేరములాడు కొనుగోలుదార్లు నవాబుగారి అద్దాలమేడ యుండిన చోట నడచుచున్నారు. గూడు పోయి, గూటిలోని వస్తువులు మిగిలినవి. అది తారుమారైనచో, అనగా మేడ నిలిచి వస్తువులు పోయినచో, సాలారుజంగు పేరు నేడు ఒక వీథికి మాత్రమే మిగిలియుండెడిది.

దివానుగా ఆయన చేసినది చరిత్ర పుస్తకములలో కొన్ని పంక్తులకు మించదు. తాత రాజ్యమును నిలిపెను. తండ్రి యౌవనమున రాలిపోయెను. మనుమడు పదవిని విడిచి, బొమ్మలను, గడియారములను కొనుచు కాలము గడపెనని ఆనాడు నవ్వుకొనినవారు ఉండియుందురు. కాని ఆ వంశమున ప్రజలందరును నేడు ప్రతిదినము పలుకు పేరు ఆయన కారణముననే నిలిచెను. ఆయన మ్యూజియమును స్థాపించినవాడు కాడు, తన సంపదను ప్రజలకు వ్రాసియిచ్చిన దానపత్రము ఆయనది కాదు. మరణము, న్యాయస్థానము, ప్రభుత్వము, సమ్మతించిన వారసులు, ఇందరు కలిసి ఆయన కోరికకు ఆయన తలపెట్టని సార్థక్యమును కలిగించిరి. రైతుల శిస్తులతో కొనబడినది రైతుల మనుమల కన్నులకు చేరెను. ఆలస్యముగానైనను అప్పు కొంత తీరెను.

అందుచేతనే మధ్యాహ్నపు గడియారము ముందు నిలిచిన గుంపు ఈ కథకు తగిన ముగింపు. దుండిగల్, కోస్గి, చిట్కుల్, ఏ యూరి పిల్లవాడైనను తండ్రి భుజములమీద కూర్చుండి ఆ చిన్న బొమ్మ కొరకు ఎదురుచూచును. తలుపు తెరచుకొనును. బొమ్మ వచ్చి గంట కొట్టును. తండ్రిని ఎరుగక, సంతానమునకు నోచుకొనక, వస్తువులను మాత్రమే బంధువులనుగా చేసికొనిన ఒక ఒంటరి నవాబు ఇంటిలో ఆ చప్పట్లు ఎన్నడును మ్రోగలేదు. ఆయన పోయిన పిమ్మట మాత్రము ఒక్కదినమైనను తప్పక, తెరచిన ప్రతిదినము, మ్రోగుచునే యున్నవి.